హైకోర్టు నవ్వింది

మొదటి వరసలో ఆమెకిచ్చిన కుర్చీకి ఒక చెయ్యే ఉంది. రెండో చెయ్యి ఎవరో పీక్కుపోయారు. నవ్వాపుకోలేక పట్టుకుని పీకేశారో, నవ్వు రాక ఒళ్ళు మండి పీకేశారో, మొత్తానికి ఈ హాలుకొచ్చే జనం ఊరికే కూర్చునే రకం కాదన్నమాట, అనుకుంది ఆమె. అనుకున్నది పక్కావిడతో అందామని నోరు తెరిచి, అలవాటు చొప్పున మూసేసుకుంది. పైకంటే పోతుంది. తన తలలోంచి నోట్లోకి వచ్చిన మాట మొగుడి నోట్లోకి చేరడానికి రెండు పూటలు పట్టదు, అక్కణ్ణుంచి ఊరి నోట్లోకి చేరడానికి ఒక్క ఆదివారం చాలు. అందుకని ఎండాకాలం మొదట్నుంచీ ఆమె మాటలన్నీ లోపలే అనుకుంటోంది, లోపలే నవ్వుకుంటోంది, దాంతో కడుపు బరువెక్కి నిండు నెలల మనిషిలా జాగ్రత్తగా కూర్చుంది. ఇవాళతో ఆ బరువు దిగిపోవాలి. ఎదురుగా ఆ వేదిక మీదికి తన మొగుడు వస్తాడు, వచ్చి నోరు విప్పుతాడు, ఒక్కడంటే ఒక్కడు నవ్వకూడదు. ఆ నిశ్శబ్దం ఆమె చెవులారా వినాలి. దాని కోసమే ఉన్నవాటిల్లో మంచి బట్టలు కట్టుకుని, తల నున్నగా దువ్వుకుని, పెళ్ళికొచ్చినట్టు వచ్చింది. కప్పులోని ఏసీలోంచి నీళ్ళు చుక్క చుక్కగా కారుతున్నాయి, కింద ఎవరో బక్కెట్టు పెట్టారు, మా నీళ్ళ ఆఫీసువాళ్ళు చూస్తే దీనికీ కుళాయి కనెక్షన్ కింద బిల్లు వేసేస్తారు, అనుకుని, దాన్ని కూడా మింగేసింది.

పక్క వరస చివర ఛానెలాయన కూర్చున్నాడు. టీవీలో ఏది రావాలో ఏది రాకూడదో ఆయన చేతిలో ఉంది. ఇన్నాళ్ళూ ఆదివారాలు టీవీలో కాసేపు కనపడి నవ్వించే ఆమె మొగుడికి, ఇక సొంతంగా వారం వారం గంటసేపు కార్యక్రమం ఇస్తామన్నాడు. అయితే ఒక మెలిక పెట్టాడు, అతికించిన నవ్వులు మాకొద్దు, హాలు నిజంగా నవ్వితేనే మీకిస్తాం, అని. ఆ మాట విన్న రోజు మొగుడు ఇంట్లో కాలు నిలవక తిరిగాడు. వారానికి గంటా, అంత సరుకు ఎక్కణ్ణుంచి తెస్తారండీ, అనడిగిందామె గిన్నెలు కడుగుతూ. "నువ్వున్నావుగా" అన్నాడు. "నువ్వేం చెయ్యక్కర్లేదే. మామూలుగా మాట్లాడుతూ ఉండు, చాలు." మామూలుగా మాట్లాడుతూ ఉండాలట. పొద్దున లేచి పళ్ళు తోముకునేటప్పుడు అన్నది, లిఫ్టు పాడై ఆరో అంతస్తుకి బియ్యం మోసుకొస్తూ అన్నది, జ్వరంలో అన్నది, ఏడుపు రాబోయి బదులుగా అన్నది, అన్నీ వారం వారం అరలో సర్దినట్టు ఆయన నోట్లో సర్దెయ్యాలి. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు ఆయన వాటిని లోకానికి పంచాలి, లోకం చప్పట్లు కొట్టాలి. ఇవాళ హాలు నవ్విందా, ఆమె బతుకంతా ఇక ఆదివారం కార్యక్రమమే. నవ్వలేదా, ఆయన మళ్ళీ డ్రైవింగు స్కూలుకి పోయి నేర్చుకునేవాళ్ళ పక్క సీట్లో కూర్చోవాలి. కూర్చోనీ, అనుకుంది. పక్క సీటు ఎలా ఉంటుందో తనకి తెలుసు, ఇన్నాళ్ళూ తను కూర్చున్నది అందులోనే కదా.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి, ఆయన పద్ధతి గల మనిషి. సొంతంగా అల్లిన ఏ జోకైనా ముందు ఆమెకి చెప్పాలి. ఆమె నవ్వితే ఉంటుంది, నవ్వకపోతే పోతుంది, దానికి అప్పీలు లేదు. అందుకే ఆమెకి హైకోర్టని పేరు పెట్టాడు, స్టేజీ మీద కూడా అలాగే పిలుస్తాడు, ఇప్పుడు కూరగాయలమ్మి కూడా ఏమండీ హైకోర్టుగారూ అనే అంటోంది. పైగా ఆమె ఖాళీగా కూర్చుని ఉన్నప్పుడు చెప్పడు. ఖాళీగా ఉన్నవాళ్ళు మర్యాదకి నవ్వుతారు, చేతుల్లో పనున్నవాళ్ళు నవ్వొస్తేనే నవ్వుతారు, అంటాడు. అందుకని ఆమె అంట్లు తోముతున్నప్పుడు, బట్టలు మడత పెడుతున్నప్పుడు, ముఖ్యంగా పరుపు కింద దుప్పటి దోపుతూ వంగి ఉన్నప్పుడు వెనకాల చేరి మెల్లిగా మొదలుపెడతాడు. ఇంకెవరికీ చెప్పడు. తోటి కమెడియన్లకి చెప్పకూడదట, ఎత్తుకుపోతారట! ఆ మాట ఆయన ఎంత సీరియస్‌గా అన్నాడంటే, ఎత్తుకుపోవడం ఎంత పాపమో ఆమెకే వివరంగా చెప్పాడంటే, ఆ రోజు ఆమెకి నిజంగా నవ్వొచ్చింది. నవ్వింది కూడా. ఆ నవ్వెందుకో ఆయనకి తెలియలేదు.

లైట్లు కొంచెం తగ్గాయి, ఎవరో వచ్చి మైకు మీద వేలితో కొట్టి వెళ్ళారు, ఆ టకటక వింటే కౌంటరు అద్దం మీద నాణెంతో కొట్టే మనిషి గుర్తొచ్చాడు. ఆమెది నీళ్ళ ఆఫీసులో ఫిర్యాదుల కౌంటరు. అద్దానికి మధ్యలో కంత ఉంటుంది, ఊరి కోపమంతా ఆ కంతలోంచి లోపలికొస్తుంది. నీళ్ళు రాలేదని వస్తారు, వచ్చాయని వస్తారు, పచ్చగా వచ్చాయని సీసాలో పట్టి తెచ్చి ముక్కు దగ్గర పెడతారు. చేరిన కొత్తలో రోజూ బాత్రూంలోకి పోయి ఏడ్చేది. తర్వాత ఒకరోజు ఒకాయన, వారం నుంచి చుక్క నీళ్ళు లేవు, మీరు మనుషులేనా అని అద్దం మీద గుద్దితే, ఎలా వచ్చిందో ఏమో ఆమె నోట్లోంచి వచ్చేసింది, "మీరు అదృష్టవంతులండీ, పక్క వీధిలో వస్తున్నాయి, చూస్తే మీరే వద్దంటారు" అని. ఆయన ఒక్క క్షణం ఆగి, ముందు ముక్కుతో, తర్వాత నోటితో, తర్వాత భుజాలతో నవ్వాడు. వెనక క్యూ నవ్వింది. ఆ రోజు ఆమెకి తెలిసింది, ఇదొక దారి అని. మీ పై ఆఫీసర్ని పిలవండి అని అరిచినవాడికి, "పిలుస్తానండీ, ఆయనొచ్చాక మీకు నా మీద ప్రేమ పుట్టుకొస్తుంది" అంది. ఇంట్లో బట్టలుతికే మిషను గిర్రున తిరిగేటప్పుడు నడుచుకుంటూ వంటింటి గుమ్మం దాకా వచ్చేది, బాగు చేసేవాడు ఎన్నిసార్లు పిలిచినా రాడు, "పోనీలెండి, ఈ ఇంట్లో రోజూ వాకింగు చేసేది అదొక్కటే" అంది. నవ్వేస్తే పోతుంది, అనేది అందరితో. అలా అని మిషను బాగుపడలేదు, నీళ్ళూ రాలేదు, కానీ సాయంత్రానికి ఆమె మనిషిలా ఇంటికి వచ్చేది.

అదీ లేకుండా చేశాడు మొగుడు. బట్టల మిషను జోకు ఆయన నోటికెళ్ళేసరికి ఏమైందనుకున్నారు, "మా ఆవిడకన్నా మా బట్టల మిషనే నయమండీ, అదైనా రోజూ వాకింగు చేస్తుంది" అని అయింది. హాలు పగలబడింది. కెమెరా వచ్చి ఆమె నడుము దగ్గర ఆగింది. తను బతుకు మీద వేసిన జోకు ఆయన తిప్పి తన మీద వేశాడు, అన్నీ అంతే, ఏదైనా సరే ఆయన చేతిలో పడితే చివరికి మా ఆవిడ మీదకొచ్చి ఆగుతుంది. సరే, అదీ నవ్వేసింది, నవ్వేస్తే పోతుంది కదా. ఒకరోజు కౌంటర్లో మామూలుగా, ఎవరో గొంతు చించుకుంటుంటే, పక్క వీధి మాటే అంది. కంతకి అవతల మనిషి మొహం చిట్లించి, "మేడమ్, అది మీ ఆయన జోకు కదా. టీవీలో విన్నాం. మీరు చెప్తే అంత బాగాలేదు" అన్నాడు. క్యూలో ఇంకొకడు, "ఆయన టైమింగే వేరులెండి" అన్నాడు. ఆమె రసీదు చించి ఇచ్చింది. ఆ రోజు సాయంత్రం బస్సులో, సొంత ఇంట్లోకి తాళం పగలగొట్టుకుని వెళ్తుంటే దొంగని పట్టుకున్నట్టు పట్టుకున్నారే నన్ను, అనుకుంది, ఆ మాట కూడా బాగుందనిపించింది, బాగుందనిపించగానే భయమేసింది. అయినా దానికి కూడా ఆమె పగబట్టలేదు. ఒళ్ళు మండింది, అంతే. పగ తర్వాత వచ్చింది.

లైట్లు ఆరిపోయాయి. వేదిక మీద గుండ్రంగా వెలుగు పడింది, అందులోకి ఆయన వచ్చాడు, కొత్త కోటు, భుజాల దగ్గర కొంచెం ఎక్కువైంది. చప్పట్లు. రా బాబూ రా, అనుకుంది ఆమె, ఒక్క చెయ్యున్న కుర్చీలో వెనక్కి వాలింది. కోటు బొత్తాలు పొద్దున తనే గట్టిగా కుట్టింది, అందులో ఏ మోసమూ లేదు. మోసమంతా జోకుల్లో ఉంది. ఇవాళ ఆయన చెప్పబోయే ప్రతి జోకూ హైకోర్టులో నెగ్గినదే. మొదటిది వస్తోంది. గొడుగు. ఆయన రెండడుగులు ముందుకి వేసి, గొంతు తగ్గించి, "వానొస్తే గొడుగు తడుస్తుంది, మనం తడవం" అన్నాడు. ఆగాడు. "అంటే మనకన్నా గొడుగే అమాయకురాలు!" అని తల ఓరగా పెట్టి ఆగాడు. ఆ ఆగడం ఎంతసేపో ఆమెకి తెలుసు, అది ఆమె నవ్వు కొలత, పడగ్గదిలో మడత పెడుతున్న తువ్వాలు జారవిడిచి ఆమె ఎంతసేపు నవ్విందో సరిగ్గా అంతసేపు. హాల్లో ఎవరూ కదల్లేదు. బక్కెట్లో టప్‌మని చుక్క పడింది. వెనకెక్కడో ముసలావిడ, "ఏమన్నాడే?" అంటే, ఇంకెవరో, "గొడుగు అన్నాడమ్మమ్మా" అన్నారు. "అయితే?" అంది ముసలావిడ. ఆహా. ఆమెకి ఒళ్ళంతా చల్లటి నీళ్ళు పోసుకున్నట్టయింది. బతుకంతా నీళ్ళ ఆఫీసులో ఉన్నా ఇంత చల్లదనం ఎప్పుడూ దొరకలేదు.

నాన్న ఉంటే, అనుకుంది. నాన్న ఉంటే ఇది చూడాల్సిన మనిషి. ఆఖరి ఏడాది నాన్న ఆమె ఇంట్లోనే, ముందు గదిలో మంచం మీద ఉన్నాడు. పక్షవాతం వచ్చి మాట పోయింది, కుడి పక్క పోయింది. ఒళ్ళు తుడవడం, పక్క మార్చడం, చెంచాతో పోసింది సగం బయటికి కారితే మళ్ళీ పొయ్యడం, ఆఫీసుకి వెళ్ళే ముందొకసారి, వచ్చాకొకసారి, మధ్యలో అక్క వచ్చి చూసుకునేది. ఒకరోజు నర్సు వచ్చి, ఎలా ఉన్నారు పెద్దాయనా, అంటే ఈమె అంది, "మా నాన్న ఇప్పుడు పెద్దాఫీసరయ్యాడమ్మా, మాట్లాడడు, సంతకం పెట్టడు, మనమే నిలబడి ఎదురుచూడాలి" అని. అప్పుడు నాన్న నవ్వాడు. ఎడమ పక్క మాత్రమే నవ్వింది. పెదవి ఆ కొస పైకి లేచింది, ఆ కన్ను మూసుకుంది, కుడి పక్క మొహం మాత్రం ఏమీ ఎరగనట్టు ఊరుకుంది. నెలల తర్వాత మొదటి నవ్వు. ఆ సగం నవ్వు కోసం ఆమె ఆ తర్వాత రోజూ కౌంటర్లో మాటలు ఏరి తెచ్చేది, ఒక్కటి చెప్పేది, ఆ కొస లేచేదాకా కూర్చునేది. జీవితంలో ఆమె జోకులకి నిజమైన హైకోర్టు ఆ మంచం మీదుంది. చలికాలంలో పోయాడు. పోయే రోజు పొద్దున కూడా ఏదో చెప్పింది, కొస లేవలేదు, నిద్రలో ఉన్నాడనుకుంది.

వేదిక మీద ఫ్రిజ్జు వచ్చింది. ఫ్రిజ్జు తలుపు తీస్తే లైటు వెలుగుతుంది, అదీ నాలాంటిదే, ఎవరైనా పలకరిస్తేనే వెలుగుతుంది, అన్నాడు ఆయన. ఎవరో జాలిపడి రెండు చప్పట్లు కొట్టి, తోడు లేక మానేశారు. ఛానెలాయన ఫోను తీసి చూసుకుంటున్నాడు, ఆయన మొహం నీలంగా వెలిగింది. చూడు, బాగా చూడు, అనుకుంది ఆమె. నవ్వు నాలుగు విధాల చేటని పెద్దలు ఊరికే అనలేదు, కాకపోతే ఎవరికి చేటో చెప్పలేదు. ఇదే హాలు. ఇదే వరస. ఎండాకాలం మొదట్లో పక్క కుర్చీలో అక్క కూర్చుని ఉంది. ఆయన వేదిక మీద, "మా మామగారు పోయేముందు" అని మొదలుపెట్టాడు. పెద్దాఫీసరు మాట అన్నాడు. అక్కడితో ఆగినా బాగుండేది. ఆగి, మైకు దించి, మొహం సగం వేలాడేసి, ఎడమ కొస పైకెత్తి, ఒక కన్ను మూసి చూపించాడు. నాన్న నవ్వు. జనం కుర్చీల్లోంచి జారిపోయారు. మళ్ళీ చెయ్, మళ్ళీ చెయ్ అన్నారు, మళ్ళీ చేశాడు. కెమెరా వచ్చి ఈమె మొహం మీద నిలిచింది, ఈమె పెదవులు, ఛీ, ఈ పెదవులు, అలవాటు మీద సాగాయి. అక్క చూసింది. లేచి వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఒక్కసారే ఫోను చేసింది, "నీకు తెలిసే చేశాడా?" అని మాత్రం అడిగి పెట్టేసింది. టీవీలో వేసినప్పుడు నాన్న నవ్వు పక్కనే ఈమె నవ్వు పెట్టారు.

ఆ రాత్రి అడిగింది, నాన్ననెందుకు తెచ్చారండీ అందులోకి, అని. ఆయన నిజంగా ఆశ్చర్యపోయాడు. అదే కదా ఘోరం, దుర్మార్గుడైనా బాగుండేది. "ప్రేమతోనే చేశానే. ఆయనుంటే అందరికన్నా ముందు ఆయనే నవ్వేవాడు. అయినా నువ్వే అంటావుగా, నవ్వేస్తే పోతుందని?" అన్నాడు, అని అటు తిరిగి పడుకున్నాడు. నవ్వేస్తే పోయేవి ఉంటాయి. నీళ్ళు పోతాయి, లిఫ్టు పోతుంది, పై ఆఫీసరు పోతాడు. పోనివి కూడా ఉంటాయని ఆమెకి ఆ రాత్రి తెలిసింది. తెల్లారాక తువ్వాళ్ళు మడత పెడుతోంది, వెనక చేరి ఆయన గొడుగు జోకు చెప్పాడు. సొంతంగా అల్లాడట. అంత దరిద్రమైన జోకు ఆమె పుట్టి బుద్ధెరిగాక వినలేదు. ముందు పెదవులు బిగించింది, తర్వాత ముక్కులోంచి వదిలింది, తర్వాత తువ్వాలు జారవిడిచి మంచం మీద కూలబడి పొట్ట పట్టుకుంది. ఆయన మొహం చూడాలి. అది మొదలు. పనికిమాలినదల్లా నెగ్గుతూ వచ్చింది. మంచిది వస్తే మాత్రం చెంప లోపల కొరుక్కుని, ఆఁ, అయితే ఏంటి, అనేది. పాపం, ఆయనకి మంచివి కూడా తట్టాయి ఈ మధ్య, తన సాయం లేకుండా, తన మీద కాకుండా. "డ్రైవింగు నేర్పేవాడికున్నంత దైవభక్తి ఎవడికీ ఉండదు, పొద్దున్నుంచి సాయంత్రం దాకా దేవుడా దేవుడా అంటూనే ఉంటాడు" అన్నాడొకసారి. ఆమె పరుగెత్తి బాత్రూంలోకి పోయి, కుళాయి ధారగా తిప్పి, తువ్వాలు నోట్లో కుక్కుకుని నవ్వింది. బయటికొచ్చి, పాతదే కదండీ అంది. ఆయన తలూపి, అవునేమో అని ఒప్పుకుని వదిలేశాడు. ఆ ఒప్పుకోవడం గుర్తొస్తే ఇప్పుడు కూడా పగకి జాలి అడ్డం పడుతుంది. పడనీ. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడు, ఆ తల తన్నేది ఇన్నాళ్ళూ అంట్లు తోముతోంది, అంతే.

"బల్లి గోడ మీదెందుకుంటుంది?" అడుగుతున్నాడు ఆయన. "నేల మీద మనమున్నాం కదండీ, అందుకు!" ఈసారి తల ఓరగా పెట్టలేదు, ఆగలేదు, ఆగితే ఏం వినపడుతుందో తెలిసిపోయింది. ఎవరో దగ్గారు. ఒకాయన లేచి, క్షమించండి క్షమించండి అంటూ మోకాళ్ళ మధ్యలోంచి బయటికి పోతున్నాడు. ఛానెలాయన పక్కవాడి చెవిలో ఏదో అన్నాడు, ఇద్దరూ తలలు అడ్డంగా ఊపారు. అయిపోయింది. ఆమె ఆయన కాళ్ళ వంక చూసింది. కుడి పాదం నేలని నొక్కుతోంది, నొక్కి పట్టి ఉంచింది. డ్రైవింగు స్కూలు కార్లో నేర్పేవాడి కాళ్ళ కింద కూడా ఒక బ్రేకు ఉంటుంది, ఎదటివాడు గోడకి కొట్టబోతే తొక్కడానికి. పెళ్ళయిన కొత్తలో బస్సులో వెళ్తున్నా, సైకిలు రిక్షా ఎదురొచ్చినా ఆ పాదం అలాగే నొక్కేది, ఆమె చూసి నవ్వితే సిగ్గుపడేవాడు. ఇప్పుడు చెక్క నేలలో లేని బ్రేకుని నొక్కుతున్నాడు. నొక్కు నాయనా నొక్కు, అనుకుంది, కానీ ఇందాకటంత చల్లగా లేదు. చెమట కంటిలోకి కారితే తుడుచుకుంటూ ఆయన మొదటి వరస వంక చూశాడు. స్టేజీ మీదుండగా ఆమె వంక ఎప్పుడూ చూడడు, ఇవాళ చూశాడు. ఆమె చేతులు కట్టుకుని, తీరిగ్గా, పని లేని మనిషిలా కూర్చుని ఉంది. చూస్తూ చూస్తూ ఆయన మొహంలో ఏదో మారింది, తువ్వాళ్ళూ కుళాయీ మంచమూ అన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చి కూర్చున్నాయి అక్కడ. తెలిసిపోయింది. తెలియనీ, అదే కదా కావలసింది. పాపం పండింది, అనుకుంది.

"ఒక్క నిమిషమండీ" అన్నాడు ఆయన మైకులో. పాదం నేల మీంచి లేచింది. "మీరెవరూ నవ్వట్లేదు. నాకూ కళ్ళున్నాయి. కానీ ఈ జోకులన్నిటికీ పడీ పడీ నవ్విన మనిషి ఒకరున్నారు. అదుగో, మా హైకోర్టు." హాల్లో చిన్న నవ్వు పుట్టింది. "గొడుగు జోకుకి కళ్ళు తుడుచుకోవడానికి నా చొక్కా లాక్కుంది. బల్లి జోకుకి మంచం మీంచి కింద పడింది, నేనే లేవదీశా!" నవ్వు పెద్దదైంది, వెనక వరసలకి పాకింది. "మరి మంచి జోకు చెప్తే? బాత్రూంలోకి పోయి కుళాయి తిప్పేదండీ. పాపం కడుపులో బాగాలేదేమో అనుకున్నా. మందు కూడా తెచ్చా!" నిజమే, తెచ్చాడు, గోరువెచ్చటి నీళ్ళు కూడా కాచి ఇచ్చాడు, ఆమె మింగక తప్పలేదు. హాలు విరగబడింది. ముసలావిడ నవ్వు ఈల వేసినట్టు వినపడుతోంది, ఛానెలాయన ఫోను జేబులో పెట్టేసి తొడ మీద కొట్టుకుంటున్నాడు. ఇంత నవ్వు ఈ హాల్లో ఎప్పుడూ రాలేదు. ఆమెకి ఒళ్ళంతా చచ్చుబడిపోయింది. అమ్మమ్మా, పగ కూడానా? ఇన్ని నెలలు చెంప కొరుక్కుని, తువ్వాలు నమిలి, ఒక్కటి, ఒకే ఒక్కటి తనకంటూ కడుపులో దాచుకుంటే, అదీ తీసుకుపోయి పంచిపెడుతున్నాడా? వారానికి గంట ఆయనకి ఇప్పుడే వచ్చేసింది. మొదటి వారానికి సరుకు కూడా వచ్చేసింది. మింగలేక కక్కలేక కుర్చీ చెయ్యి పట్టుకుంది.

"చెప్పండి హైకోర్టువారూ" అంటున్నాడు ఆయన, దండం పెడుతూ, ఊపు మీదున్నాడు, కళ్ళలో మాత్రం బెదురు పోలేదు. "ఏం పాపం చేశానని నాకీ శిక్ష?" వెలుగు వచ్చి ఆమె మీద పడింది. చెవులకి హెడ్‌సెట్ పెట్టుకున్న అమ్మాయి వంగి పరుగెత్తుకొచ్చి చేతిలో మైకు పెట్టింది. ఇలాంటప్పుడు ఆమె ఎప్పుడూ చేసేది ఒకటుంది, చేతులు జోడించి, నవ్వి, కూర్చోవడం. ఇవాళ లేచి నిలబడింది. నిలబడగానే మాటలు వచ్చేశాయి, అవి ఎప్పుడూ వస్తాయి, నాలుగైదు ఒకేసారి తోసుకుంటూ, ఏ ఒక్కటి వదిలినా కప్పు ఎగిరిపోతుంది, ఆయన కన్నా తన టైమింగే బాగుందని ఇవాళ ఊరంతా చూస్తుంది. ఆయన కూడా అదే అడుగుతున్నాడు కళ్ళతో, ఒక్కటి వెయ్యవే, బయటపడిపోతాం, అని. ఆమె వాటినన్నిటినీ పక్కకి తోసేసింది. మైకు నోటికి దగ్గరగా తెచ్చుకుని, ఆయన్నే చూస్తూ, కౌంటర్లో సమాధానం చెప్పే గొంతుతో చెప్పింది.

"మా నాన్న మూతి వంకరపోతే మీరిక్కడ నిలబడి ఆ మూతి పెట్టి చూపించారు. ఆయన పోయి అప్పటికి మూడు నెలలు కూడా కాలేదు. అందుకు."

ఒక్క క్షణం ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. తర్వాత హాలంతా ఘొల్లున నవ్వింది. మూతి వంకర, మూతి వంకర అని ఎవరో ఎవరికో అందిస్తున్నారు, ముందు నవ్వినవాళ్ళని చూసి వెనకవాళ్ళు నవ్వుతున్నారు, పక్కావిడ ఆమె చెయ్యి పట్టుకుని ఊపేస్తూ, "అబ్బ, ఏం చెప్పారండీ, మొహంలో ఒక్క నవ్వు లేకుండా!" అంటోంది. ఛానెలాయన లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నాడు. నవ్వనిది ఇద్దరే. ఆమె, వేదిక మీద ఆయన. ఆ నవ్వు ఆయన మీదికి వచ్చి పడుతోంది, వరస తర్వాత వరస, ఆయన మైకు పట్టుకుని అందులో నిలబడి ఉన్నాడు. మొహంలో రక్తం లేదు. హెడ్‌సెట్ అమ్మాయి మళ్ళీ పరుగెత్తుకొచ్చింది, ఆయాసపడుతూ, "సూపర్ మేడమ్, కెమెరా ఇటు తిప్పేలోపు అయిపోయింది, అదే మాట ఇంకొక్కసారి, ఇటు చూసి చెప్తారా?" అంది.

"వద్దు" అన్నాడు ఆయన. మైకులోనే అన్నాడు. "వద్దండీ. ఇంక చెప్పించకండి. అది జోకు కాదు."

దానికి ఇందాకటికన్నా పెద్ద నవ్వు వచ్చింది. జనం కళ్ళు తుడుచుకుంటున్నారు. ఆయన రెండు చేతులూ పైకెత్తి, ఆగండి ఆగండి అంటున్నాడు, ఎత్తిన కొద్దీ నవ్వుతున్నారు. ఆమె ఆ నవ్వు కాస్త తగ్గేదాకా ఓపిగ్గా ఆగింది. తర్వాత మైకు సరిగ్గా పట్టుకుని, ఆ అమ్మాయి చూపించిన వైపు తిరిగి, ఈసారి ఇంకా నిదానంగా, మళ్ళీ చెప్పింది.